చూసినవాడి గీత

పలక అడిగిన మొదటి ప్రశ్నకు జవాబు చెప్పడానికి సర్దార్ ఓదెలుకు అర నిమిషం కూడా పట్టలేదు. ఏడో ప్రశ్నకు మాత్రం పదకొండు రోజులు పట్టింది.

ఆ పలకను నల్లవాగు బొగ్గుగనికి తెచ్చింది డాక్టర్ వకుళ. వరంగల్లులో ఒక చిన్న ప్రయోగశాల ఆమెది. తనూ మరో నలుగురూ ఆరేళ్లు కూర్చుని తయారు చేసిన యంత్రం అది. బడిపిల్లల పలకంత ఉంటుంది, ఒక్క చేత్తో పట్టుకోవచ్చు. దాని మీద వేలితో సున్నాలు చుట్టి, ఒక సున్నా నుంచి ఇంకో సున్నాకు బాణాలు గీసి, ఏది ఏమిటో మామూలు తెలుగులో చెబితే చాలు. ఆ బొమ్మను కంప్యూటర్ ప్రోగ్రాంగా రాసి ఇస్తుంది.

ప్రోగ్రాంలు రాసే యంత్రాలు అప్పటికే కొల్లలుగా ఉన్నాయి. ఊరంత భవనాల్లో, చెరువుల కొద్దీ నీళ్లు తాగుతూ పనిచేసే మహాయంత్రాలు. వాటికి నాలుగు ముక్కలు చెబితే నాలుగు లక్షల వరుసల ప్రోగ్రాం రాసేవి. చిక్కల్లా ఒకటే. చెప్పినవాడు ఏదైనా మరిచిపోతే ఆ ఖాళీని అవి ఊహతో పూడ్చేసేవి. ఒక రసాయనాల కర్మాగారంలో అలాంటి ఊహ ఒకటి రాకూడని సమయంలో ఒక వాల్వును మూసేసింది. తొమ్మిది మంది పోయారు. ఆ లక్షల వరుసల్లో ఊహ ఏదో, నిజం ఏదో వెతకడానికి వేసిన బృందంలో వకుళ కూడా ఉంది. నాలుగు నెలలు వెతికింది. దొరికిన రోజున గదిలోకి వెళ్లి తలుపేసుకుని ఏడ్చింది. మర్నాడు తన తోటివాళ్లను పిలిచి చెప్పింది.

"మనకు అన్నీ తెలిసిన యంత్రం వద్దు. దాదాపు ఏమీ తెలియనిది కావాలి. తెలియకపోతే తెలియదని నోరు తెరిచి చెప్పేది కావాలి."

అలా పుట్టింది పలక. బొమ్మలో ఎక్కడైనా బాణం తప్పిపోతే అది ముందుకు కదలదు. ఆగి, అడుగుతుంది. గీసిన ప్రతి బాణానికీ "ఇది మీకు ఎలా తెలిసింది?" అని కూడా అడుగుతుంది. దానికి మూడే జవాబులు. విన్నాను, చదివాను, చూశాను. విన్నానంటే ఆ బాణానికి ఒక దీపం వెలిగించే హక్కు మాత్రమే ఇస్తుంది. చదివానంటే గంట మోగించనిస్తుంది. చూశానంటేనే, నడుస్తున్న పనిని ఆపి మనుషులను బయటికి పిలిచే అధికారం. కానీ చూశానన్నవాడు ఎప్పుడు, ఎక్కడ, ఎవరి విషయంలో చూశాడో పేరుతో సహా చెప్పాలి. ఈ నియమం పెట్టించింది వకుళే. తోటివాళ్లు ఇది మరీ కఠినం అన్నా వినలేదు.

నల్లవాగు గనిలో గాలిని కనిపెట్టి ఉండే ప్రోగ్రాం పాతదైపోయింది. కొత్తది రాసిమ్మని కంపెనీ వకుళను పిలిచింది. నిపుణులు గీసిన పటాలు, నివేదికలు ఒక పెట్టెడు చేతికిచ్చింది. ఆమె వారం రోజుల్లో వాటన్నిటినీ పలక మీద గీసింది. ప్రోగ్రాం తయారైంది. తప్పేమీ కనిపించలేదు. అయినా ఆమెకు తృప్తి కలగలేదు. ఒక పొద్దున క్యాంటీన్‌లో టీ తాగుతున్న కార్మికుల దగ్గరికి వెళ్లి అడిగింది.

"ఈ కాగితాల్లో లేనిది, మీకు తెలిసినది ఏమైనా ఉందా?"

ఫ్యాన్ ఆపరేటర్ ఒకాయన నవ్వి అన్నాడు. "కాయితాల లేనియి గావాల్నంటె మా వాన సర్దార్‌ను అడుగుండ్రి మేడం."

అందరూ నవ్వారు. మూలన కూర్చున్న ఓదెలు నవ్వలేదు.

ఓదెలుకు యాభై తొమ్మిదేళ్లు. ఇంకో ఎనిమిది నెలల్లో రిటైరవుతాడు. చదివింది ఏడో తరగతి. భూమి లోపల మూడో లెవల్లో పనిచేసేవాళ్ల బాగోగులు చూసే సర్దార్. మబ్బు పట్టిందంటే చాలు, ఏదో ఒక వంక పెట్టి తన మనుషులను పైకి తోలుకొచ్చేస్తాడని అతనికి పేరు. కప్పు పగిలినట్టుందంటాడు, పంపు ఆగిందంటాడు. మేనేజర్లు తిట్టారు, మెమోలు ఇచ్చారు. ఇరవై రెండేళ్లుగా అతని తీరు మారలేదు. అందుకే వాన సర్దార్ అయ్యాడు.

"ఎందుకు తీసుకొస్తారు?" అని వకుళ అడిగితే అతను నోటితో జవాబు చెప్పలేదు. టోపీ, లైటు ఇప్పించి గనిలోకి తీసుకుపోయాడు.

ఆ రోజు బయట ఆకాశం ముసురుకుని ఉంది. ఏటవాలుగా దిగే సొరంగంలో ముప్పావు గంట నడిచాక మూడో లెవల్ చివర ఒక కంచె వచ్చింది. కంచె అవతల ముప్పై అడుగుల పొడవున పల్లం. పల్లం చివర ఇటుక గోడ. ఆ గోడ వెనక ఎన్నడో బొగ్గు తీసేసి వదిలేసిన ఖాళీ, అరవై ఎకరాల చీకటి. ఓదెలు ఆమెను కంచె దగ్గరే ఆపాడు. ఆ గోడ దగ్గర మొదలైన నెర్రె ఒకటి, సొరంగం పక్క రాతిలో, కంచె దాకా సాగి ఉంది. అతను, బొగ్గు ధూళి అంటుకోకుండా కింద చల్లిన తెల్లటి సున్నపురాయి పొడిని చిటికెడు తీసి నెర్రె ముందు పట్టుకున్నాడు. పొడి మెల్లగా, ఎవరో ఊదినట్టు, వాళ్ల మొహాల వైపు తేలి వచ్చింది.

"సూసిన్రా మేడం? గోడ ఊపిరి ఇడుస్తున్నది."

వకుళ కళ్లు పెద్దవి చేసుకుంది. బయట గాలి బరువు తగ్గింది. లోపల ఏళ్లుగా మూసుకుపోయిన గాలి దారి వెతుక్కుంటూ బయటికి వస్తోంది. ఆ గాలిలో ప్రాణవాయువు లేదు. ఆమె తల పైకెత్తి చూసింది. కంచె మీద కప్పుకు వేలాడుతున్న గ్యాస్ మీటరు అంతా మామూలుగానే ఉందని చూపిస్తోంది.

"మరి మీటరు?"

"మీటరేమో కప్పుకు ఏలాడుతది. ఈ గాలి నేలను పట్టుకొని పాకుతది. మీటరుకు తెలిసేటాళ్లకు మనిషి మోకాళ్ల మీద ఉంటడు."

పెట్టెడు కాగితాల్లో ఆ మాట ఎక్కడా లేదు.

పైకి వచ్చాక ఇద్దరూ క్యాంటీన్ వెనక బల్ల మీద కూర్చున్నారు. ఓదెలు చూపుడు వేలితో సున్నాలు చుట్టాడు. ఒకటి బయటి గాలి బరువు. ఒకటి గోడ. ఒకటి పల్లం. ఒకటి మనుషులు. పలక అడుగుతూ పోయింది. గాలి బరువు ఎంత తగ్గితే గోడ ఊపిరి వదులుతుంది? ఎంతసేపట్లో పల్లం నిండుతుంది? నిండాక ఎటు పొర్లుతుంది? ఓదెలు టకటకా చెప్పాడు. ప్రతిదానికీ చూశాననే అన్నాడు. ఏ తేదీన, ఏ షిఫ్టులో చూశాడో అతని చొక్కా జేబులోని చిన్న పుస్తకంలో ఉంది. ఇరవై రెండేళ్ల వానలు రాసిన పుస్తకం.

అప్పుడు ఏడో ప్రశ్న వచ్చింది.

'ఒక మనిషి కంచె దాటి పల్లంలోకి దిగాడు. గోడ ఊపిరి వదులుతోంది. మీటరు మామూలుగా ఉంది. అతను ఎంతసేపు నిలబడగలడు?'

ఓదెలు వేలు గాల్లోనే ఆగింది. తర్వాత టోపీ తీసుకుని లేచాడు.

"డ్యూటీ టైమైంది మేడం" అని వెళ్లిపోయాడు.

తర్వాత అతను క్యాంటీన్ వైపు రావడం మానేశాడు. ఎదురైతే తల వంచుకుని పోయేవాడు. అలసిపోయాడేమో అనుకుంది వకుళ. తొమ్మిదో రోజున అతనే వచ్చాడు. నిలబడే మాట్లాడాడు.

"నాలుగు నిమిషాలని రాసుకోండ్రి. ఎవరో అనంగ ఇన్న."

ఆమె అలాగే రాసింది. పలక ఆ బాణాన్ని పలచటి గీతగా మార్చింది. "ఇలాగైతే ఎర్రదీపం మాత్రం వెలుగుతుంది ఓదెలు గారూ. పని ఆగదు" అంది వకుళ.

"దీపం సూసి మనుషులు బయటికి రారా?"

"మీ మనుషులు మీకే తెలుసు. వస్తారా?"

ఓదెలు ఆలోచించాడు. బొగ్గు ఊడిపడుతుంటే, టార్గెట్ ఇంకా అందకపోతే, మిణుకుమనే దీపాన్ని ఎవడు చూస్తాడు? చూసినా ఇంకో పావుగంట అనుకుంటాడు.

"రారు" అన్నాడు. వెళ్లబోయి వెనక్కి తిరిగాడు. "ఇన్నది గాదు మేడం. రెండు దినాలు ఆగుండ్రి. ముందుగాల ఒకలకు జెప్పాలె."

ఆ ఒకరు అతని చెల్లెలు భూలక్ష్మి.

ఓదెలు భార్య పోయి పదిహేనేళ్లైంది. పిల్లలు లేరు. కంపెనీ క్వార్టర్లలో అతనిదీ చెల్లెలిదీ పక్కపక్క ఇళ్లు, అతని తిండి ఆమె ఇంట్లోనే. ఆమె గని మీద లాంప్ రూంలో పనిచేస్తుంది. కార్మికులు లోపలికి పోయేటప్పుడు తలకు పెట్టుకునే లైట్లు ఇచ్చేదీ, తిరిగి వచ్చాక తీసుకునేదీ ఆమే. ఆ ఉద్యోగం ఆమెకు భర్త పోయాక వచ్చింది. భర్త రాజలింగు అదే గనిలో పంపు ఆపరేటర్. ఇరవై రెండేళ్ల కిందట మూడో లెవల్ కంచె అవతల పల్లంలో చనిపోయాడు. హెచ్చరిక లెక్క చేయకుండా తనంత తానుగా నిషిద్ధ స్థలంలోకి వెళ్లాడని విచారణలో తేల్చారు. గని ముందు నల్లరాయి మీద, విధుల్లో ప్రాణాలు పోయినవాళ్ల పేర్లుంటాయి. అందులో రాజలింగు పేరు లేదు. మాట వినక చచ్చాడనే మాటను భూలక్ష్మి లాంప్ రూం కిటికీలోంచి ఎన్నోసార్లు విన్నది. ఆమె కూతురు బడిలో విన్నది. "మీ నాన్న అట్లాంటోడు గాడు" అని కూతురికి చెప్పేది గానీ, చూపించడానికి ఆమె దగ్గర ఏమీ లేదు.

ఆదివారం పొద్దున తొమ్మిదింటికి ఓదెలు చెల్లెలింటికి వెళ్లాడు. ఆమె వాకిట్లో పీట వేసుకుని సర్వపిండి కోసం పిండి కలుపుతోంది. అన్నకు ఇష్టమని నువ్వులు ఎక్కువ వేసింది.

"కూసో అన్నా. రెండు నిమిషాలల్ల అయితది."

అతను కూర్చోలేదు. "లచ్చీ, రాజలింగు తనంత తాను పోలే. నేనే పంపిన."

ఆమె చేయి పిండిలోనే ఆగిపోయింది.

అతను చెప్పాడు. ఆ మధ్యాహ్నం మబ్బు పట్టింది. కంచె దగ్గర సున్నపు పొడి బయటికి తేలి రావడం అతను చూశాడు. ఏదో తేడాగా ఉందనిపించింది. దానికి ఏ పుస్తకంలోనూ పేరు లేదు, మీటరు బాగానే ఉంది. పల్లంలో పంపు పైపు ఉండిపోయింది. పైన మేనేజరు పంపు ఎందుకు నడవడం లేదని అరుస్తున్నాడు. 'బావా, పొయ్యి పట్టుకరా, రెండే నిమిషాలు' అన్నాడు ఓదెలు. రాజలింగు మారు మాట్లాడకుండా కంచె దాటాడు. అప్పుడు టైము రెండూ పది. రెండూ పద్నాలుగుకు అతని తలమీది లైటు ఊగి, నేలకు దిగి, అక్కడే ఆగిపోయింది. ఓదెలు రెండడుగులు లోపలికి వేశాడు. కాళ్లు పట్టు తప్పాయి. వెనక్కి పడ్డాడు. విచారణలో ఎవరు పంపారని అడిగితే నాకు తెలియదన్నాడు.

"ఎందుకన్నవ్?" అంది భూలక్ష్మి.

"బయపడ్డ. ఆ ఒక్క దినం బయపడ్డ. మర్నాడు జెప్పుదామనుకున్న. మర్నాడు అంతకంటె ఎక్కువ బయమైంది."

ఆమె లేచి చేతులు కడుక్కుంది. చీర చెంగుతో తుడుచుకుంటూ గోడ వైపు తిరిగింది.

"అంటే నువ్వు జెప్పినవ్, ఆయన విన్నడు."

"ఊ."

"మాట వినేటోడు. నేను ఎన్ని తీర్ల జెప్పిన, ఒక్కలు నమ్మలే. మాట వినేటోడు నా మొగడు." ఆమె గొంతు ఒక్కసారిగా పెరిగింది, మళ్లీ అంతలోనే తగ్గింది. "ఇన్నేండ్లు నా చేతి బువ్వ తిన్నవు అన్నా."

ఓదెలు తాను ఇది ఎందుకు ఇప్పుడు చెబుతున్నాడో, పలక ఏమడిగిందో మెల్లగా చెప్పాడు. ఆమె అంతా విన్నది.

"రాయి పో" అంది. "తారీఖు రాయి. ఆయన పేరు రాయి. నీ పేరు గూడ రాయి. ఇగ నా ఇంటికి తినరాకు."

సోమవారం ఓదెలు క్యాంటీన్ వెనక బల్ల దగ్గరికి వచ్చి, పలక ముందు కూర్చుని, తన గొంతుతో చెప్పాడు. నాలుగు నిమిషాలు. చూశాను. ఫలానా తేదీ, మూడో లెవల్ కంచె దగ్గర, రాజలింగు, పంపు ఆపరేటర్. పంపింది నేను. పలక ఆ బాణాన్ని మందంగా, నల్లగా దిద్దింది.

ఊహలను పట్టుకోవడానికి చేసిన యంత్రం ఒక మనిషిని ఇలా పట్టుకుంటుందని వకుళ ఎన్నడూ అనుకోలేదు. ఈ నియమం పెట్టించింది తనే.

"ఓదెలు గారూ, దీన్ని ఇంకా ఎవరూ చూడలేదు. చెరిపేస్తాను. ఈ ప్రోగ్రాం పైఅధికారులందరికీ వెళుతుంది. ప్రతి వరుసా చదువుతారు. మీకు ఇంకో ఎనిమిది నెలలే ఉంది."

"చెరిపితే మల్ల దీపమే గద బిడ్డా" అన్నాడు ఓదెలు. మొదటిసారి మేడం అనలేదు. "దీపం వద్దు. మనుషులు బయటికి రావాలె."

ఆ సాయంత్రానికి పలక ప్రోగ్రాం పూర్తి చేసింది. మూడు వందల పన్నెండు వరుసలు. మహాయంత్రాలతో పోలిస్తే అది ఒక చీటీ ముక్క. పలక ప్రతి వరుస పక్కనా దాని అర్థాన్ని తెలుగులో అచ్చు వేసింది. ఓదెలు ఆ కాగితాలను ఇంటికి తీసుకుపోయి రెండు రోజులు వేలు పెట్టి చదివాడు. మూడో రోజు వచ్చి, "మేడం, నూట నలపై వరుసల తప్పున్నది" అన్నాడు. కంపెనీ పటాల్లోంచి వచ్చిన బాణం అది, మనుషులను బయటికి పిలిచేటప్పుడు బయటి దారికి దగ్గరివాళ్లకు ముందు చెప్పేలా ఉంది. దూరాన ఉన్నవాళ్లకు ముందు చెప్పాలని, దగ్గరివాళ్లు ఎలాగూ వస్తారని అతను బాణం మార్చాడు. వకుళ నివ్వెరపోయింది. ఆమె, ఆమె తోటివాళ్లు నలుగురూ, కంపెనీ నిపుణులూ చూసి సరే అనుకున్న వరుస అది.

"గీసింది తప్పైతె నువ్వు అడగవా?" అని ఓదెలు పలకను చేత్తో తట్టాడు. తర్వాత ఆ కాగితాలను మడిచి, చిన్న పుస్తకంతో పాటు జేబులో పెట్టుకున్నాడు. ఇరవై రెండేళ్లుగా తను ఒక్కడే మోసిన సంగతి ఇప్పుడు అచ్చులో ఉంది, ఎవరైనా చదవచ్చు. అతని నడక ఆ రోజున కొంచెం మారిందని క్యాంటీన్‌లో అందరూ గమనించారు.

పక్క క్వార్టరులో మాత్రం పొయ్యి అతని కోసం వెలగలేదు. ఓదెలు తనే ఇంత వండుకుని తినేవాడు. లాంప్ రూం కిటికీ దగ్గర భూలక్ష్మి అతని లైటు అతని ముందు పెట్టేది, మొహం చూసేది కాదు.

పేకముక్కంత సర్క్యూట్ బోర్డులో ప్రోగ్రాంను ఎక్కించి కంచె పక్కన బిగించారు. వకుళ దానికి తోడుగా నేల మీద కూడా ఒక మీటరు పెట్టించింది. ఆగస్టు మూడో వారంలో, ఒక గురువారం పొద్దున పది గంటల నలభై నిమిషాలకు, ఆ బోర్డు మొదటిసారి గొంతెత్తింది.

గని పైన కంట్రోల్ రూంలో సైరన్ మోగింది. లోపల మూడో లెవల్లో నలభై ఒక్క మంది ఉన్నారు. వకుళ, ఆ రోజు రెండో షిఫ్టున్న ఓదెలు అప్పటికే తెర ముందున్నారు. మేనేజర్ శ్రీకర్ పరిగెత్తుకుంటూ వచ్చాడు. వయసులో చిన్నవాడు, మంచివాడే, కానీ ఆ నెల బొగ్గు తక్కువ పడిందని పైనుంచి రోజూ ఫోన్లు వస్తున్నాయి. తెర మీద మీటర్లన్నీ మామూలుగా ఉన్నాయి. బయట సన్నగా ఎండ కూడా కాస్తోంది.

"ఏంటండీ ఇది? ఏ మీటరూ ఏమీ చెప్పట్లేదు. ఎందుకు ఆపాలి?"

వకుళ తెర వైపు చూపించింది. అక్కడ కారణం తెలుగులో ఉంది. 'గాలి బరువు వేగంగా తగ్గుతోంది. గోడ ఊపిరి వదులుతోంది. పల్లం నిండుతోంది. పల్లంలో మనిషికి నాలుగు నిమిషాలు. ఇది సర్దార్ ఓదెలు చూసినది.' కింద తేదీ, రాజలింగు పేరు. ఆ కింద ఇంకో వరుస. 'పని ఆపవద్దనుకుంటే, మీరు చూసినది ఏమిటో మీ పేరుతో చెప్పండి.'

శ్రీకర్ ఆ వరుసను రెండుసార్లు చదివాడు. అతను గని చూసి పద్నాలుగు నెలలే అయింది. కిటికీలోంచి ఎండ వైపు చూశాడు, ఫోన్ వైపు చూశాడు.

"ఓదెలూ, నువ్వేమంటావ్?"

"నేను అనేది అంత అందుల ఉన్నది సార్."

శ్రీకర్ మైకు తీసుకున్నాడు. "మూడో లెవల్ ఖాళీ చేయండి. దూరాన ఉన్నవాళ్లు ముందు."

ఏటవాలు సొరంగంలోంచి మనుషులు ఒక్కొక్కరే వెలుగులోకి రావడం మొదలైంది. నల్లటి మొహాలు, తెల్లటి కళ్లు. కొందరు విసుక్కుంటున్నారు, వాన సర్దార్ మళ్లీ మొదలుపెట్టాడని ఒకరిద్దరు జోకులేస్తున్నారు. భూలక్ష్మి కిటికీ దగ్గర లైట్లు తీసుకుంటూ పైకే లెక్కపెడుతోంది. ముప్పై తొమ్మిది దగ్గర చాలాసేపు ఆగింది. చివరికి ఇద్దరు కార్మికులు, ఒకరి భుజం మీద ఒకరు చేయి వేసుకుని బయటపడ్డారు.

"నలపై ఒక్కటి" అని ఆమె గట్టిగా అరిచింది.

పావుగంట గడిచింది. వాన విరుచుకుపడింది. పన్నెండూ పదికి నేలమీది మీటరు కిందికి జారడం మొదలైంది. ప్రాణవాయువు ఇరవై శాతం నుంచి పదహారు. పదహారు నుంచి పదకొండు. మూడో లెవల్లో అప్పటిదాకా ఆ నలభై ఒక్క మంది నిలబడి పనిచేసిన చోట, నేల నుంచి నడుమెత్తు వరకు, ప్రాణవాయువు తొమ్మిది శాతానికి పడిపోయింది. కప్పుకు వేలాడే పాత మీటరు అందరూ బయటపడిన నలభై నిమిషాలకు గానీ గంట కొట్టలేదు.

ఆ గంట విని, క్యాంటీన్‌లో నవ్విన ఫ్యాన్ ఆపరేటర్ వానలో తడుస్తూ వచ్చి, ఓదెలు ఎదుట నిలబడి అతని రెండు చేతులూ పట్టుకున్నాడు. అతని తమ్ముడు ఆ నలభై ఒక్క మందిలో ఒకడు.

వారం తిరగకుండానే భద్రతా శాఖ అధికారులు వచ్చారు. మొదట మెచ్చుకోవడానికి వచ్చినవాళ్లే. ప్రోగ్రాం అచ్చుప్రతి తెప్పించి వరుసవరుసా చదివారు. రాజలింగు పేరున్న రెండు వందల ఏడో వరుస దగ్గర ఆగారు. పాత విచారణ కాగితాలు తీయించారు. రెండూ పక్కపక్కన పెట్టి ఓదెలును పిలిచారు.

శ్రీకర్ ముందు రోజే అతనికి చెప్పి చూశాడు. "ఇప్పుడు అందరూ కళ్లతో చూశారు కదా. కావాలంటే ఆ బాణాన్ని గురువారం నాటి మీటరు పేరు మీదికి మార్చేద్దాం. నీ పాత తేదీ అక్కర్లేదు. నిన్ను బయటపడేసినవాణ్ని అవుతాను."

"రాజలింగు పేరు గూడ పోతది గద సార్" అన్నాడు ఓదెలు.

అధికారుల ముందు అతను దేన్నీ దాచలేదు. ఈ ప్రోగ్రాం రాసిందెవరని అడిగారు. "నేనే సార్." చదువెంత? "ఏడో తరగతి." అప్పుడు అబద్ధం చెప్పిందెవరు? "అది గూడ నేనే సార్."

అతని సర్దార్ సర్టిఫికెట్ రద్దు చేశారు. మిగిలిన నెలలు గని పైన, మామూలు కూలీగా, బొగ్గు తట్టలు సర్దే చోట పనిచేయమన్నారు. ఓదెలు ఆ కాగితం మీద సంతకం పెట్టి వెళ్లి పార పట్టుకున్నాడు. రాజలింగు మరణం విధి నిర్వహణలో జరిగినదేనని, అతను పైఅధికారి ఆజ్ఞ మేరకే వెళ్లాడని రికార్డు సరిదిద్దారు. ఆ ప్రోగ్రాంను మరో పదకొండు గనుల్లో పెట్టాలని కూడా తీర్మానించారు. ఏ గనికి ఆ గని మనుషులే, తాము చూసింది గీయాలని వకుళ షరతు పెట్టింది. ఆ మనుషులకు గీయడం నేర్పడానికి ఆదివారాలు ఓదెలును పంపమని అడిగింది. కూలీని పంపడానికి ఏ నిబంధనా అడ్డు రాలేదు.

అక్టోబరులో నల్లరాయి మీద కొత్త పేరు చెక్కారు. ఆ రోజు గని ముందు నాలుగు వందల మంది చేరారు. భూలక్ష్మి కూతురు, అల్లుడు వచ్చారు. రాయి మీది గుడ్డ తీయగానే కూతురు ముందుకు పోయి తండ్రి పేరులోని ఒక్కో అక్షరాన్నీ వేలితో తడిమింది. భూలక్ష్మి ఏడవలేదు. తల నిటారుగా పెట్టి, ఇన్నేళ్లూ లాంప్ రూం కిటికీలోంచి చూసినవాళ్లందరినీ ఒక్కొక్కరినీ నేరుగా చూసింది.

ఓదెలు వెనకాల, కూలీల గుంపులో నిలబడ్డాడు. చెల్లెలు అతనితో మాట్లాడక మూడు నెలలైంది.

పత్రిక విలేకరి ఒకతను చేతిలో పుస్తకం పట్టుకుని వకుళ దగ్గరికి వచ్చాడు. "నలభై ఒక్క మందిని కాపాడిన ప్రోగ్రాం మీ యంత్రమే రాసిందట కదా మేడం?"

"యంత్రం అడిగింది, అంతే" అంది వకుళ. "రాసింది ఒక మనిషి." ఆ మనిషి వైపు చూపించాలా వద్దా అని ఆమె తటపటాయించింది. ఈ రోజు రాజలింగుదని ఆమెకు తెలుసు.

భూలక్ష్మి ఆ మాట విన్నది. గుంపును చీల్చుకుంటూ వెనక్కి నడిచింది. ఓదెలు మోచేయి పట్టుకుని, బొగ్గు మసి అంటిన చొక్కాతోనే, అతన్ని రాయి ముందుకు తీసుకొచ్చింది. జనం పక్కకు తప్పుకున్నారు.

"ఈయన మా అన్న, ఓదెలు" అంది విలేకరితో. "ఆ ప్రోగ్రాం రాసింది ఈయన. నా మొగన్ని లోపటికి పంపింది గూడ ఈయనే. రెండూ రాసుకోండ్రి సార్. ఒక్కటే రాస్తె అది అబద్ధమైతది."

విలేకరి ఒక క్షణం ఆమె మొహంలోకి చూసి, పుస్తకం మీదికి వంగి, రెండూ రాసుకున్నాడు. ఆమె అన్న చేయి వదల్లేదు. ఓదెలు తల దించుకోలేదు.